నూకాలు తల్లికుండ

అనగనగనగా, కొండలకు ఇంకా ఒకచోట కూర్చోవడం అలవాటు కాని రోజుల్లో, గుమ్మికొండ అడవిలో నూకాలు అనే, చెట్ల మీద తిరిగే మానుపిల్లి ఉండేది. ఆ అడవిలో ఎవరింట ఇప్పపూల కల్లు పెట్టుకోవాలన్నా నూకాలు అంగడికే రావాలి. కుండలు, వడపోత గుడ్డలు, ఎండిన పూలు, అన్నిటికన్నా ముఖ్యంగా పూలరసాన్ని పులియబెట్టే తోడుముద్ద, అన్నీ అక్కడే దొరికేవి.

నూకాలు ముక్కు సంగతి చెప్పకపోతే కథకే అవమానం. ఏడు కొండల అవతల చీమ తుమ్మితే, ఆ చీమ పొద్దున ఏం తిన్నదో చెప్పేసేది. ఒక తుపానును మూడు నెలల ముందే వాసన పట్టి ఊరంతా చాటితే, ఆ తుపాను సిగ్గుపడి వేరే సముద్రానికి వెళ్ళిపోయింది.

అంగడి నడుమ ఏనుగంత తల్లికుండ. ఏడు తరాల తోడు అందులోనే బతికేది. దానికో ఆచారం ఉంది. తోడు తీసుకెళ్ళినవాళ్ళు కల్లు వంపుకున్నాక, కుండ అడుగున మిగిలిన మడ్డిని ఒక దొన్నెడు తెచ్చి తల్లికుండలో పోయాలి. ఇంటింటి మడ్డీ తింటేనే ఆ కుండకు బలం. తిన్నంతకాలం లోపల బుడబుడమని ఒకటే చప్పుడు. మబ్బు ఉరిమిందనుకుని లోయలో నెమళ్ళు పురివిప్పేవి.

అంతలో గాలి అంగడి వచ్చింది. దాని యజమాని ముఖం ఎవరూ చూడలేదు. కొమ్మ మీది గోరింకకు కావలసింది చెబితే చాలు, మర్నాటికల్లా ఒక కొంగ మూట తెచ్చి గుమ్మంలో పడేసి పోయేది. తోడు కూడా బిళ్ళలు చేసి, చుట్టూ లక్క పూసి, నున్నగా పంపేవారు.

నూకాలుకు ఆ రోజే అది నచ్చలేదు. ముఖం చూపించనివాడు ఏం వ్యాపారి? ఊపిరాడని లక్కలో దాచిన తోడు ఏం తోడు?

మొదట కుందేలు అప్పన్న వచ్చాడు.

"నూకాలత్తా, పూలు ఎన్ని పూటలు నానాలి? తోడు ఎప్పుడు కలపాలి? కుండ నీడలో ఉంచాలా, ఎండలోనా?"

నూకాలు అన్నీ విడమరిచి చెప్పింది. "మా ఆవిడను అడిగొస్తాను అత్తా" అని అప్పన్న బయటికెళ్ళి, గోరింక చెవిలో గుసగుసలాడాడు.

తరవాత ముళ్ళపంది పైడమ్మ వచ్చింది. అంగడిలో రుచికి పెట్టిన మూడు రకాల కల్లూ తాగి చూసి మూతి తుడుచుకుంది. "మూడూ బాగున్నాయి వదినా. అందుకే ఏదీ తేలట్లేదు" అంది. సాయంత్రానికి పైడమ్మ గుమ్మంలో కొంగ వాలింది.

"ఇది అంగడా, బడా? నేర్చుకునేది ఇక్కడ, కొనుక్కునేది అక్కడ" అని నూకాలు పళ్ళు కొరికింది. ఆ చప్పుడుకు మూడు తాటిచెట్లు కాయలు రాల్చాయి.

అప్పటినుంచి ఎవరిని చూసినా అనుమానమే. పలకరించినవాడు ఎందుకు పలకరించాడు? పలకరించనివాడు ఏం దాచాడు?

ఆ తరవాత వచ్చినవాడు ఎలుగుబంటి సింహాద్రి. చేతిలో దొన్నె, దొన్నెలో మడ్డి.

"నూకాలప్పా, ఆచారం తెచ్చాను. ఇలా పోసేయనా?"

నూకాలు ముక్కు ముందుకు సాచింది. మడ్డిలోంచి కొంగ ఈక వాసన గుప్పుమంది.

"ఎక్కడిదిరా ఇది?"

"మా ఇంటిది."

"కొంగ కంపు కొడుతోంది. గాలి అంగడి మడ్డి తెచ్చి నా తల్లికుండను చెడగొడదామనా? ఎవరు పంపారు నిన్ను?"

"నన్నెవరు పంపుతారప్పా? ఇల్లు దాటాలంటేనే నాకు బద్ధకం."

"నడువు బయటికి."

సింహాద్రి దొన్నెతో వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఇంకొందరు మడ్డి తెచ్చారు. అందరి మడ్డిలోనూ నూకాలుకు ఏదో ఒక పరాయి వాసన తగిలింది. అందరినీ గుమ్మంలోనే ఆపేసింది. కొన్నాళ్ళకు మడ్డి తేవడమే మానేశారు.

తల్లికుండ చప్పుడు తగ్గింది. ఉరుము మూలుగైంది, మూలుగు నిట్టూర్పైంది. ఒకరోజు పొద్దున నూకాలు చెవి ఆనించి వింటే ఏమీ వినిపించలేదు. బెల్లం పోసింది, కంబళి కప్పింది, జోలపాట పాడింది. కుండ పలకలేదు.

సరిగ్గా కొత్త పూల పండగకు అయిదు రోజులుందనగా, అడవి అంతా అంగడి ముందు వాలింది. లక్క బిళ్ళలు ఒక్కసారి భేషుగ్గా పొంగాయట. ఆ మడ్డితో రెండోసారి పెడితే మాత్రం రసం ఉలకలేదు, పలకలేదు. కొత్త బిళ్ళలు పంపమంటే గోరింక "పదిహేను రోజులు" అనేసి ఎగిరిపోయిందట.

"అత్తా, నువ్వే దిక్కు" అన్నాడు అప్పన్న.

నూకాలు తలుపు సందులోంచి చూసింది. నిజంగా తోడుకే వచ్చారా? నా కుండ మూగబోయిందని తెలిసి నవ్విపోదామనా?

"ఇవాళ సెలవు" అంది.

గుంపు వెనకనుంచి సింహాద్రి నెమ్మదిగా ముందుకొచ్చాడు. "తోడు లేకపోతే చెప్పప్పా. మా ఇంట్లో ఉంది. ఆ రోజు నువ్వు వద్దన్న మడ్డిని పారేయబుద్ధి కాక, దానితోనే మళ్ళీ మళ్ళీ కల్లు పెట్టుకుంటున్నాను."

"అది గాలి అంగడిది."

"కుండకు కట్టిన గుడ్డ గాలి అంగడిది. తోడు నీదే. కొంగ వాసన గుడ్డది."

"నేను నమ్మను. నా ముక్కు అబద్ధమాడదు."

"నన్ను నమ్మకు. కుండలో వేసి చూడు. కుండకు నీమీద కోపం లేదు, నామీద ప్రేమా లేదు."

 నూకాలు తలుపు తీసి, గుమ్మంలో మూడు కొత్త కుండలు పెట్టింది. మూడింటిలో ఒకే పూలరసం పోసింది. మొదటిదానిలో అప్పన్న ఇంటి లక్క బిళ్ళల మడ్డి, రెండోదానిలో తల్లికుండలో మిగిలింది, మూడోదానిలో సింహాద్రి తెచ్చింది.

మర్నాడు పొద్దున అందరూ వచ్చి చెవులు ఆనించారు. మొదటి కుండ మౌనం. రెండో కుండ మౌనం. మూడో కుండ మూతను ఎగరగొట్టింది. ఆ మూత సూర్యుడి దాకా వెళ్ళి, కాస్త వేడెక్కి కిందికి వచ్చింది.

పైడమ్మ రెండో కుండ వైపు చూసింది. "ఇది ఎవరిది వదినా?"

ఎవరిదో చెప్పకుండా దాటేయవచ్చు. గాలి అంగడి విషం పెట్టించిందని చెప్పినా ఆ రోజు అడవి నమ్మేది. నూకాలు తల వంచుకుంది.

"నాదే. తల్లికుండ పోయింది. దాన్ని చంపింది గాలి అంగడి కాదు. మీరు తెచ్చిన తిండిని గుమ్మంలో ఆపి, నేనే ఆకలికి చంపాను."

ఎవరూ నవ్వలేదు. నూకాలు ఒక ఖాళీ దొన్నె తీసుకుని సింహాద్రి ముందు నిలబడింది. ఏడు తరాలుగా తోడు ఇచ్చిన ఇంటి చెయ్యి మొదటిసారి అడగడానికి చాచింది.

"కాస్త తోడు పెడతావా తమ్ముడూ?"

"నీదే కదప్పా" అన్నాడు సింహాద్రి. సగం దొన్నెలో పోసి, మిగతా సగం వెనక్కి తీసుకున్నాడు. "ఇది మా ఇంట్లో ఉంటుంది. మళ్ళీ నీకు ఎప్పుడు కోపం వస్తుందో ఎవరికి తెలుసు."

నూకాలు కాదనలేదు.

ఆ తోడు పడగానే తల్లికుండ మళ్ళీ బుడబుడమంది. మూడు రోజుల్లో ఊరందరికీ సరిపడా కల్లు పొంగింది. పండగ నాడు ఏనుగులు తాగి ఆడిన ఆటకు రెండు గుట్టలు చదునైపోయి, ఇప్పటికీ మైదానాల్లాగే ఉన్నాయి.

గాలి అంగడి మూతపడలేదు. గుడ్డలకీ తాళ్ళకీ కొంగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. తోడుకు మాత్రం అందరూ నూకాలు దగ్గరికే నడిచి వెళ్ళేవారు. ఎవరు మడ్డి తెచ్చినా ఆమె ముందు చిన్న కుండలో వేసి, ఒక రోజు ఆగి, పొంగితే తల్లికుండలో పోసుకునేది.

కాబట్టి పిల్లలూ, అనుమానం వస్తే సరుకును పరీక్షించాలి గాని, తెచ్చిన మనిషిని గుమ్మంలోంచి తరమకూడదు.