తలూపిన భీముడు

ఎవరైనా పద్యం ఎత్తుకోబోతే మా నాటక సమాజం గురువు రాఘవాచారిగారు ముందు తాత్పర్యం అడిగేవారు. చెప్పలేకపోతే హార్మోనియం ముట్టేవారు కాదు. ఆ మొండితనానికి ఆయన్ని తిట్టుకోనివాడు మాలో లేడు.

యాభై దాటినా తెనాలి చుట్టుపక్కల భీముడి వేషమంటే ఆయన శిష్యుడు గంగాధరానిదే. అంతటి భీముడు గద పట్టి నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసంతో కూలబడుతున్నాడు. గుండె కవాటం సన్నబడిందని, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరుగారు తేల్చేశారు.

"లోహపు కవాటం ఉందంట, జంతువు కణజాలంతో చేసింది ఉందంట, తొడ దగ్గర్నుంచి గొట్టంతో పంపేదీ ఉందంట. ఏది మంచిది గురువుగారూ? మీరు చెప్పండి, అదే పెట్టించుకుంటాను" అన్నాడు గంగాధరం. పాపం, బాగా భయపడి ఉన్నాడు.

"దేంతో ఏం లాభం, ఏం నష్టం?"

"తెలీదండీ. డాక్టరుగారు చెప్పారు. అర్థమైందా అని కూడా అడిగారు. అంత పెద్దాయన్ని మళ్ళీ చెప్పమంటే ఏం బాగుంటుందని తలూపాను."

"మర్యాదకి తలూపావు, బానే ఉంది. మరి కోసేది ఎవరి ఛాతీరా?" అంటూ ఆచారిగారు లేచి చెప్పులేసుకున్నారు.

ఆస్పత్రిలో ఆయన నోరు విప్పలేదు. గంగాధరమే అడిగాడు. డాక్టరుగారు విసుక్కోకుండా బొమ్మ గీసి మళ్ళీ చెప్పారు. "ఆగండి, నేను చెబుతాను, తప్పైతే దిద్దండి" అంటూ గంగాధరం ఒక్కొక్కటే తన మాటల్లో అప్పజెప్పాడు. మందులు ఆయాసం తగ్గిస్తాయేగానీ కవాటాన్ని తెరవలేవు. లోహంది ఏళ్ళ తరబడి నిలుస్తుంది, కానీ బతికినంతకాలం రక్తం గడ్డకట్టకుండా మాత్ర మింగాలి, దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగదు. కణజాలంది కొన్నేళ్ళకు పాడై మళ్ళీ మార్చాల్సి రావచ్చు. తొడ దారి అతని కవాటానికి నప్పదని స్కానులోనే తేలింది.

గంగాధరం బొమ్మ దగ్గరికి లాక్కుని రెండు కవాటాలనీ ఇంకోసారి చూసుకున్నాడు.

"స్టేజీ మీద గద దెబ్బలు తినేవాణ్ణండీ నేను. ఇంకోసారి కోయించుకోమన్నా సిద్ధమే. కణజాలందే పెట్టండి."

డాక్టరుగారు సరేనన్నారు.

మరుసటి ఏడు గంగాధరం మళ్ళీ భీముడై పద్యం ఎత్తుకున్నాడు. చివరి రాగం తీస్తే తెగదే! జనం లేచి నిలబడి వన్స్ మోర్, వన్స్ మోర్ అని పందిరి ఎగరగొట్టారు. మా అందరికీ ఏడుపు, నవ్వు కలిసి వచ్చేశాయి. గంగాధరం వేషంతోనే వచ్చి హార్మోనియం ముందు కూర్చున్న గురువు కాళ్ళకు దండం పెట్టాడు.

"ఆ రోజు మీరు చెప్పబట్టేనండీ!"

"నేనేం చెప్పాన్రా?" అన్నారు ఆచారిగారు. "పో, జనం పిలుస్తున్నారు నిన్ను."