నూనె ముట్టని జడ్డిగమ్మ

గరువుపల్లె జడ్డిగమ్మ తల్లి గుడికి గోపురం లేదు. ఎర్రచేల నడుమ నాలుగు రాతి గోడలు, పైన బండల కప్పు, అంతే. గర్భగుడిలో విగ్రహం కోసం వెతకకండి. అక్కడ పీటమీద కొలువై ఉన్నది అరిగి నల్లబడిన ఒక కొయ్యగిన్నె. విత్తనం వేసే గొర్రుకు పైన అమర్చే ఈ గిన్నెనే జడ్డిగం అంటారు. ఎద్దులు గొర్రును లాగుతుంటే వెనుక నడిచే ఆడమనిషి పిడికిటితో ఇందులోకి గింజలు వదులుతుంది. అవి అడుగున ఉన్న రంధ్రాల గుండా వెదురు గొట్టాల్లోకి, అక్కడినుంచి సాళ్ళలోకి జారుతాయి. కొత్తగా వచ్చిన భక్తులు నూనె సీసాలు పట్టుకొచ్చి, లోపల దీపం ఎందుకు పెట్టనివ్వరని మాతో తగువుకు దిగుతుంటారు. దీపం గడప బయటే పెట్టుకోవాలి. లోపలికి నూనె చుక్క రాకూడదు. ఎందుకో చెబుతాము, నెమ్మదిగా వినండి.

పూర్వం ఇక్కడ కొన్నేళ్ళు వరుసగా కరువు కాటేసింది. విత్తే పనే లేనప్పుడు ఇవెందుకని ఊరివారు తమ గొర్రులను విరిచి పొయ్యిలో పెట్టుకున్నారు. ఈరమ్మ అనే ఇల్లాలు మాత్రం తన అత్త సంజన్నమ్మ గొర్రును పశువుల పాకలో అటకమీద దాచింది. సంజన్నమ్మది ఆ చుట్టుపక్కల పేరుపడిన చెయ్యి. ఆమె గింజలు వదిలితే మొలకలు దారం పట్టినట్టు వచ్చేవట. కన్నుమూసే ముందు ఆమె కోడలికి నగా నట్రా ఇవ్వలేదు, ఈ గొర్రునే అప్పగించింది.

చివరకు మృగశిర కార్తెలో మంచి వాన పడింది. అప్పటికి ఊరంతటికీ కలిపి ఒక్క చేనుకు సరిపడే కొర్ర విత్తనమే మిగిలి ఉంది. చేత్తో చల్లితే సగం పిట్టలపాలవుతుంది. గొర్రుతో సాళ్ళు పట్టి వేస్తేనే ఆ చేను నిండుగా పండి, మరుసటి ఏటికి అందరికీ విత్తనం దక్కుతుంది. లేదంటే ఊరు విడిచి వలస పోవడమే.

అటకమీది గొర్రును దించి చూస్తే పళ్ళను చెదలు తినేశాయి, గొట్టాలు చీలిపోయాయి, జడ్డిగం నెర్రె విచ్చింది. ఊరి పెద్ద రామలింగప్ప దాన్ని చూసి, ఇది కూడా పొయ్యిలోకి పోవలసిందేనని నవ్వాడు. ఈరమ్మ దాన్ని తిన్నగా వడ్రంగి కోటాచారి ఇంటికి మోయించింది. ఆయన తుమ్మకొయ్యతో కొత్త పళ్ళు చెక్కాడు, కొత్త వెదురు గొట్టాలు బిగించాడు. జడ్డిగాన్ని మాత్రం ఆమె మార్చనివ్వలేదు. అత్త చేతికింద అరిగిన గిన్నె అది. కోటాచారి గొణుక్కుంటూనే నెర్రెను లక్కతో పూడ్చి, చుట్టూ ఇనుప పట్టీ వేశాడు. పెళ్ళికూతురిలా ముస్తాబైన గొర్రును చూసి ఈరమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం పట్టలేక ఆముదం తెచ్చి, జడ్డిగానికి లోపలా బయటా బాగా పట్టించింది. అయ్యో తల్లీ, బయట పూసి ఊరుకుంటే ఎంత బాగుండేది!

మరునాడు పొద్దున ఈరమ్మ భర్త హనుమప్ప ఎడ్లను తోలాడు. ఈరమ్మ గింజలు వదులుతూ వెనుక నడిచింది. ఊరంతా గట్టున నిలబడి చూసింది. కొంతదూరం పోయాక కోటాచారికి ఏదో అనుమానం వచ్చి సాళ్ళను గీకి చూశాడు. ఒక సాలులో గింజలు ముద్దగా పడ్డాయి, పక్క సాళ్ళలో ఒక్క గింజా లేదు. జిడ్డుకు కొర్రలు అంటుకుపోయి రంధ్రాలు పూడుకున్నాయని ఎవరికీ తట్టలేదు. పాత కొయ్యదే తప్పని అందరూ ఒక్కటయ్యారు. జడ్డిగం పారేసి కొత్తది చెక్కుదామన్నాడు కోటాచారి. కొత్తది తయారయ్యేలోగా నేలలో పదును ఆరిపోతుంది. హనుమప్ప ఏమీ పాలుపోక, మిగిలిన గింజలు చేత్తోనే చల్లుదామన్నాడు. ఎడ్లకు నీళ్ళు పెట్టి వచ్చేదాకా ఆగమని ఈరమ్మ బతిమాలుకుంది.

జడ్డిగాన్ని ఒడిలో పెట్టుకుని ఏడ్చి ఏడ్చి ఆమె గట్టుమీదే కునుకు తీసింది. కలలో అత్త కనిపించింది. ఆమె చేతులు మోచేతుల దాకా తెల్లగా బూడిద కొట్టుకుని ఉన్నాయి.

"కోడలా, నాకు సింగారం ఎందుకే? పొయ్యిలో బూడిద తెచ్చి నా కడుపు తుడువు. నా కడుపు పొడిగా ఉంటేనే ఈ ఊరి కడుపు నిండుతుంది."

వచ్చింది అత్తో అమ్మవారో ఈరమ్మ చెప్పలేకపోయింది. మాకైతే ఆ తేడా ఏనాడూ లేదు. ఆమె లేచి ఇంటికి పరుగెత్తి చేటెడు పిడకల బూడిద తెచ్చింది. గిన్నెను, గొట్టాలను జిడ్డు పోయేదాకా రుద్దింది. మళ్ళీ ఎడ్లు కదిలాయి. ఈసారి గింజలు గలగలమని జారాయి. పొద్దు వాలేలోగా చేనంతా విత్తారు. ఆ ఏడు కంకుల బరువుకు చేను చేనంతా వంగిపోయింది. ఇంటింటికీ విత్తనం అందింది. ఒక్క గడపా వలస పోలేదు.

ఊరివారు చేనులోనే గుడి కట్టి జడ్డిగాన్ని నిలిపారు. నాడు నవ్విన రామలింగప్పే వచ్చి అమ్మవారికి వెండి తొడుగు చేయిస్తానన్నాడు. ఈరమ్మ ఒప్పుకోలేదు.

"వెండి తొడిగితే తల్లి చేనులోకి ఎట్లా దిగుతుందయ్యా?" అంది.

నేటికీ ఏరువాక పున్నమినాడు జడ్డిగమ్మను పీటమీదినుంచి దించి, బూడిదతో తుడిచి, గొర్రుకు బిగిస్తారు. కోటాచారి వంశంవారు అరిగిన పళ్ళు మారుస్తారు, జడ్డిగం జోలికి మాత్రం పోరు. ఇతర ఊళ్ళలో దేవుళ్ళు ఊరేగింపుకు వెళతారు. మా తల్లి పనికి వెళుతుంది. భక్తులకు ప్రసాదంగా ఇచ్చే బూడిదను విత్తనాల కుండలో కలుపుకుంటే పురుగు పట్టదు, ఇంట గింజకు లోటుండదు. పొలం లేనివారు బియ్యపు డబ్బాలో చిటికెడు వేసుకోవచ్చు, అమ్మకు భేదం లేదు.

తొలి పిడికిలి గింజలు వదిలే హక్కు ఈరమ్మ ఇంటి కోడళ్ళది. అత్త చేతినుంచి కోడలి చేతికి అది ఇంతవరకు తప్పలేదు. పోయిన ఏరువాకకు మా అత్తగారు బూడిద అంటిన తన చేతులతో నా పిడికిలి నింపి, పక్కకు తప్పుకుని నిలబడ్డారు. ఈ నాలుగు మాటలు రాసింది ఆ చేత్తోనే.