పాయ మొగలో కేక

అంకయ్యను ఎవరేం అడిగినా ఒకటే మాట. "పాటుకి చూద్దాంలే" అనేవాడు. సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ మడ అడవిలో నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. పాటు వచ్చి నీళ్ళు తీసేశాకే బురద, వేళ్ళు, పీత బొరియలు, ఎవరి అడుగు ఎక్కడ పడిందో అన్నీ బయటపడతాయి. ప్రశ్నలు కూడా అంతేనని ఆయన నమ్మకం. ఇల్లు ఎప్పుడు నేయిస్తావని భార్య అడిగినా ఇదే జవాబు చెప్పాడట. ఆ ఇంటి కప్పు ఈనాటికీ కారుతూనే ఉంది.

కృష్ణ సముద్రంలో కలిసేచోట, పాయలు పాయలుగా చీలిన నీళ్ళ మధ్య ఉంది ఆ అడవి. దానికి కాపలాగా యానాదుల్లోంచే పదిమందిని తీసుకున్నారు. తాతల నాటి నుంచీ ఆ బురదలో చెయ్యి పెట్టి పీతలు పట్టుకుని బతికినవాళ్ళు గనక, ఆ అడవి సంగతి వాళ్ళకంటే తెలిసినవాళ్ళు లేరు. ఆ పదిమందిలో అందరికంటే పెద్దవాడు అంకయ్య. నీటి దారులూ, చెట్ల గుర్తులూ, గాలివాలూ కుర్రవాళ్ళకి నేర్పేది ఆయనే. అందుకని సగం వేళాకోళంగా, సగం నిజంగా ఆయన్ని గురువుగారూ అని పిలిచేవారు. ఒక్క సుగుణ మాత్రం తాతా అనేది. ఆమె ఇంటర్ దాకా చదువుకుంది. కాపలా పనికి శిక్షణ ఇచ్చినప్పుడు ముందు వరసలో కూచుని చెప్పినదంతా పుస్తకంలో రాసుకుంది. ఖాకీ చొక్కా ఇస్త్రీ లేకుండా ఒక్కరోజు కూడా వేసుకోలేదు. బురదలోకి దిగేవాళ్ళకి ఇస్త్రీ ఎందుకని తోటివాళ్ళు నవ్వినా పట్టించుకునేది కాదు.

అంకయ్యకి ఇంకో అలవాటుంది. ఏ పాయలోకి పడవ తిప్పినా, అది మొదలయ్యే మొగ దగ్గర పడవ తోసే గెడ ఆపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఓ... వత్తన్నాం... ఎవురున్నారూ" అని కేకేసేవాడు. లోపల పీతలు పట్టేవాళ్ళుంటే "ఓ... ఉన్నాం" అని పలికేవారు. ఎవరూ లేకపోతే కొంగలు లేచేవి. అది విన్నాకనో, చూశాకనో గెడ వేసేవాడు. ఈ కేక ఆయన కనిపెట్టిందేం కాదు. అక్కడి యానాదుల్లో మాటలు వచ్చీరాని పిల్లలకి ముందు నేర్పేది అమ్మా అనడం, ఆ తర్వాత నేర్పేది ఈ కేకకి పలకడం. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవారు. పాములు తొలగుతాయనేవారు కొందరు, అమ్మవారికి దణ్ణమనేవారు కొందరు. బావురుపిల్లి తన పిల్లల్ని దాచుకోడానికి మనం ఇచ్చే వ్యవధి అని ఒక ముసలామె చెప్పేది.

సుగుణకి మాత్రం ఈ కేక గొంతులో ముల్లయింది. నెల రోజులుగా ఉప్పాలమ్మ పాయలో ఎవరో నల్లమడ చెట్లు కొట్టుకుపోతున్నారు. అప్పటికి పదకొండు మొదళ్ళు చూసింది. గాలివాన వచ్చినప్పుడు కరకట్టనీ, కట్ట వెనక ఉన్న తమ పేటనీ కాసేవి ఆ చెట్లే. కొత్త మొదలు చూసినప్పుడల్లా ఆమెకి ఎవరో తమ ఇంటి గోడ పడగొట్టినట్టే ఉండేది. దొంగ జాడ మాత్రం దొరకలేదు. చివరికి ఒకరోజు పడవలో ఉండగా అడిగేసింది.

"తాతా, ఒక మాట అడుగుతా, కోప్పడబాక. దొంగని పట్టుకోవాల్సినోళ్ళం మనం. మొగలోనే నిలబడి వత్తన్నాం వత్తన్నాం అని చాటింపేస్తే, వాడు మనకోసం పీట వేసుకుని కూచునుంటాడా?"

అంకయ్య నీళ్ళకేసి చూశాడు. "పాటుకి చూద్దాంలే" అన్నాడు.

సుగుణకి ఒళ్ళు మండింది. "అయితే రేపు పాటుకే పోదాం. కేక లేకుండా పోదాం. ఒక్కరోజు నా మాట విను."

ఆయన ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఆయన గెడ అంచు గోటితో గీరుకుంటూ, "సరే, రేపు నువ్వు చెప్పినట్టే" అన్నాడు.

మర్నాడు పొద్దెక్కే వేళకి పాటు బాగా తీసింది. ఉప్పాలమ్మ పాయ నడుమ పడవ పట్టేంత నీళ్ళే ఉన్నాయి, రెండు పక్కలా నల్లటి బురద మెరుస్తోంది. సుగుణ ముందు కూచుంది. గెడ నీళ్ళలో దిగే చప్పుడు కూడా రాకుండా అంకయ్య పడవ నడిపాడు. మొగ దగ్గర ఆయన చెయ్యి అలవాటుగా నోటిదాకా వెళ్ళింది. సుగుణ వెనక్కి తిరిగి చూసేసరికి దించేసుకున్నాడు. అలా పాయ చివరిదాకా వెళ్ళారు. దారిలో ఒక వంపు దగ్గర వేళ్ళు గుబురుగా ఉన్నచోట నల్లమడ ఒకటి పక్కకి ఒరిగి ఉండటం సుగుణ చూసింది గానీ, గాలికి ఒరిగిందనుకుంది. ఆమె చూపంతా మనిషి కోసమే. మనిషి జాడ లేదు. కొంగలు కూడా బెదరకుండా నిలబడి చూశాయి.

తిరిగి మొగకి వచ్చేసరికి పోటు మొదలైంది. సముద్రపు నీళ్ళు పాయలోకి ఎదురెక్కుతున్నాయి. సుగుణ ముఖం మాడిపోయి ఉంది. ఇంటికి పోదామంది.

"వచ్చేటప్పుడు నీ మాట విన్నానుగా" అన్నాడు అంకయ్య. "పోయేటప్పుడు నా మాట ఒకటి ఉండనీ."

ఆమె బదులు చెప్పకముందే పడవ తిప్పి నిలిపి కేకేశాడు. "ఓ... పోతన్నాం... ఎవురున్నారూ."

ఏమీ వినబడలేదు. ఆయన రెండోసారి కేకేశాడు. అప్పుడు లోపల్నుంచి "ఓ..." అని వచ్చింది. వచ్చిన గొంతు సగంలో తెగిపోయింది, ఎవరో నోరు నొక్కేసినట్టు.

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. పలికి నాలిక కరుచుకునే మనిషి ఆ అడవిలో ఎవడై ఉంటాడో సుగుణకి చప్పున తట్టింది. "తాతా, దొంగే" అంది గుసగుసగా.

"ఎవురైతేనేం. ఆ గొంతులో నీళ్ళున్నయ్యి. రెండో గెడ అందుకో" అన్నాడు అంకయ్య.

ఒరిగిన నల్లమడ ఉన్న వంపు దగ్గరే ఉన్నాడు మనిషి. చెట్టు కొడుతుంటే అది అనుకోని వైపు పడింది. తప్పుకోబోయి వేళ్ళ మధ్య తొడదాకా బురదలో దిగబడ్డాడు. మాను అడ్డంగా పడి లేవనివ్వలేదు, లోపల పాదం ఏ వేరుకిందో ఇరుక్కుంది. నీళ్ళు ఛాతీ దాటి భుజాల మీదికి వస్తున్నాయి. గొడ్డలి పక్కనే బురదలో గుచ్చుకుని ఉంది, పిడి మాత్రం నీళ్ళపైన కనబడుతోంది. ఆ పిడిని సుగుణ గుర్తుపట్టింది. అది పెంచలయ్యది, ఆమె సొంత చిన్నాన్నది. తండ్రి పోయాక ఆమెకి పీతలు పట్టడం, పడవ నడపడం నేర్పిన మనిషి. మొగలో కేకేస్తే పలకాలని ఆమెని ఒళ్ళో కూచోబెట్టుకుని నేర్పింది కూడా ఆయనే.

అంకయ్య గెడని మాను కిందికి తోసి, దాని కింద భుజం పెట్టి ఎత్తి పట్టాడు. మాను బెత్తెడు లేచింది. సుగుణ ఇస్త్రీ చొక్కాతోనే బురదలో బోర్లా పడుకుని, చిన్నాన్న కాలి వెంట చెయ్యి దించి, పిక్క పట్టుకుని బలంకొద్దీ లాగింది. పెంచలయ్య కెవ్వుమన్నాడు.

"లాగబాకమ్మా. నీకు నేను నేర్పిందేంది? లాగితే పీతకి డెక్క ఊడుద్దని చెప్పలా? చుట్టూ నీళ్ళు పోనీ. బురదే వదులుద్ది."

నీళ్ళు గడ్డానికి తగులుతుంటే కూడా పంతులు పంతులే. సుగుణ ఏడుస్తూనే ఆయన చెప్పినట్టు చేసింది. మడమ చుట్టూ బురద వేళ్ళతో తోడి, నీళ్ళని లోపలికి పోనిచ్చింది. చెంప నీళ్ళలో మునిగింది. ఒకసారి తల పైకెత్తి గాలి పీల్చుకుని మళ్ళీ చెయ్యి దించింది. వేలికి వేరు తగిలింది, దాని కింద ఆయన బొటనవేలు తగిలింది. పాదాన్ని పక్కకి తిప్పింది. బురద ఒక్క గుటక వేసిన చప్పుడు చేసి వదిలేసింది. అంకయ్య భుజం దించేలోగా పెంచలయ్య పడవ అంచు పట్టుకున్నాడు.

ముగ్గురూ పడవలో పడి చాలాసేపు రొప్పారు. కాలు విరగలేదు, చర్మం లేచిపోయిందంతే. పెంచలయ్య పాదం తిప్పి చూసుకుని, అయిదు వేళ్ళూ ఉన్నాయా లేదా అన్నట్టు ఒక్కొక్కటీ ముట్టుకున్నాడు. అది చూసి సుగుణకి నవ్వొచ్చింది, నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ ఆయన వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. నెల రోజులుగా దొంగ దొరికితే ఏమేం అనాలో కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ ఆమెకి గుర్తు రాలేదు. చిన్నాన్న బతికాడు, ఆ పూటకి ఆమెకి అదే చాలు.

ఊపిరి కుదుటపడ్డాక అడిగింది. "పొద్దున మేం ఈ వంపులోంచే పోయాం గదా. పది బారల దూరం కూడా లేదు. అప్పుడెందుకు పిలవలా?"

"చూశా" అన్నాడు పెంచలయ్య. "ఇంతే ఇరుక్కుని ఉన్నా. గెడ చప్పుడన్నా లేకండా పోతన్నారు. అట్టా వచ్చేది పట్టుకోడానికే గదమ్మా. తల వంచుకుని నోరు మూసుకున్నా. అప్పటికి నీళ్ళు రాలా. ఎట్టోకట్టా లాక్కుంటాలే అనుకున్నా."

"మరి ఇప్పుడు పట్టుకోమా? ఇప్పుడెందుకు పలికావు?"

ఆ ప్రశ్న పెంచలయ్యకి అర్థం కాలేదు. తడి తల తుడుచుకుంటూ అంకయ్య వైపు చూపించాడు. "ఆయన కేకేశాడుగా. కేకేస్తే పలక్కండా ఎట్టుంటారు? ఓ అని సగం వచ్చాక గుర్తొచ్చింది నేను దొంగనని. చేత్తో నోరు మూసుకుంటే నోట్లోకి బురద పోయింది."

అంకయ్య గట్టిగా నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు తగ్గిపోయింది. పొద్దున మొగ దగ్గర నోటిదాకా వెళ్ళి దిగిపోయిన తన చేతిని తిప్పి చూసుకున్నాడు. "నేనూ నోరు మూసుకునే పోయాను గదరా" అన్నాడు మెల్లగా. గెడ అందుకుని పడవని రేవుకేసి తోశాడు.

రేవులో పెంచలయ్య తనంతట తనే దిగి, వచ్చేటప్పుడు బురదలోంచి పడవలోకి లాక్కున్న గొడ్డలి తెచ్చి సుగుణ ముందు పెట్టాడు. "నా పేరు రాసుకో. ఇంటి కప్పు నిలబెట్టను నిట్రాడు కావాలని ఒకటి కొట్టా. తర్వాత అడిగినోళ్ళకల్లా కొట్టా. పన్నెండూ నావే" అన్నాడు. ఏం శిక్ష వేస్తారో, కొట్టిన చెట్లకి బదులు ఎన్ని మడకాయలు నాటమంటారో తర్వాతి సంగతి. అది పైవాళ్ళు చూసుకుంటారు. ఆ క్షణాన ఆయన ముఖంలో భయం కంటే తేలిక ఎక్కువగా కనబడింది. నెల రోజులుగా పేటలో అన్న కూతురి ఎదుట పడకుండా తిరగడం కూడా ఆయనకి తక్కువ బాధేం కాదు.

సుగుణ సంచిలోంచి కాగితం తీసింది. పేరు రాసింది, ఊరు రాసింది, చెట్ల సంఖ్య రాసింది. ఆ కింద గడిలో అచ్చక్షరాలతో ఇలా ఉంది: నిందితుడు ఏ విధముగా దొరికెను. అక్కడ ఆమె కలం ఆగిపోయింది. మాటు వేసి పట్టుకున్నామని రాస్తే అబద్ధం. అడిగిన ప్రశ్నకి ఆ రోజుదాకా జవాబు చెప్పని అంకయ్య పక్కనే కూచుని పాదాల బురద కడుక్కుంటున్నాడు.

"తాతా, ఎట్టా దొరికాడని రాయను?"

పాటు వచ్చేదాకా ఆగమని ఆయన అనలేదు. నీళ్ళకేసి కూడా చూడలేదు.

"పిలిస్తే పలికాడని రాయి" అన్నాడు.