ముళ్ళయ్య పొర్లుదండాలు

తొర్రకొండ మీద ఎవరికి కడుపు ఉబ్బినా మందు ఒక్కటే, కొండవాము. రెండాకులు నమిలితే చాలు, పొద్దెక్కేసరికి గెంతులే. కానీ ఆ మొక్కదో తిక్క! ఏళ్ళ తరబడి ఆకులే వేస్తుంది, ఒక్కసారి గొడుగులా పూస్తుంది, గింజ రాల్చి చచ్చిపోతుంది. ఆ ఏడు కొండ మొత్తానికి మిగిలింది ఒకే ఒక్క మొక్క, అదీ పూసి గింజ పట్టింది. గింజ రాలేదాకా కాపలా ఎవరంటే అందరూ ముళ్ళపంది ముళ్ళయ్యనే చూపించారు. నిజాయితీపరుడని పేరు మరి!

పేరు బాగానే ఉంది, ముక్కే ఆగలేదు. ఆ మొక్క వేరున ఊరే దుంప వాసన అలాంటిది. మిట్టమధ్యాహ్నం అందరూ నీడకు చేరాక, "చివర కాస్త కొరికితే ఎవరికి తెలుస్తుందిలే" అని తవ్వాడు. కాస్త కాస్తా అంటూ దుంపంతా అయిపోయింది. మొక్క విరిగి వీపు మీద పడ్డాక గానీ తెలివి రాలేదు. గబగబా దులుపుకుని, ఏమీ ఎరగనట్టు దూరంగా కూర్చున్నాడు.

సాయంత్రం కొండకు పెద్దదిక్కయిన కొండముచ్చు ముచ్చవ్వ వచ్చి లబోదిబోమంది. అడవంతా పోగైంది.

"ఎవర్రా ఈ పాడు పని చేసింది?"

నిజం ముళ్ళయ్య గొంతుదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే. "ఇంకెవరవ్వా? అడవిపంది కోరమ్మే. కళ్ళారా చూశాను."

కోరమ్మ బిత్తరపోయింది. "నేనా మామా?"

"నువ్వే."

"నువ్వు చూశానంటే చూసే ఉంటావు. నా ముట్టెకి బుద్ధెక్కడిది? నడుస్తూనే తవ్వేస్తాను, ఏం తవ్వానో నాకే గుర్తుండదు."

"అయితే పిల్లల్ని తీసుకుని కొండ దిగిపో," అంది ముచ్చవ్వ.

కొండ కింద అడుగడుగునా వేటగాళ్ళ ఉచ్చులు. కోరమ్మకు ఆరుగురు పిల్లలు. ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది, నమ్మేసిందే అని ముళ్ళయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. చెప్పెయ్, చెప్పెయ్ అంటోంది మనసు. ముళ్ళయ్య చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"పెద్దవాడివి, నీ కాపలాకి మచ్చ తెచ్చాను. క్షమించు మామా," అని కోరమ్మ దండం పెట్టడానికి వంగింది. వంగింది వంగినట్టే ఆగిపోయింది. "నీ ముళ్ళనిండా ఇవేంటి?"

కొండవాము గింజలు! నూగున్న గింజలు కదా, ఎంత దులిపినా వదల్లేదు. ఎవరి వీపు వారికి కనిపిస్తుందా?

"కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలిరా!" అని ముచ్చవ్వ నెత్తి కొట్టుకుంది. "గింజలు పండాయి, అదే మన అదృష్టం. కొండ చుట్టూ పొర్లుదండాలు పెట్టు. ఒక్క గింజ కూడా నీ వీపున మిగలకూడదు."

కుందేళ్ళూ నక్కలూ బారులు తీరి చూస్తుండగా ముళ్ళయ్య పొర్లాడు. కోరమ్మ మళ్ళీ ఎప్పుడూ అతన్ని మామా అని పిలవలేదు.

తొలకరికి కొండంతా మొలకలే. కొత్తగా వచ్చిన దుప్పి ఒకటి రెండాకులు నమిలి, "ఇదంతా నాటింది నువ్వేనట కదా తాతా, ఎంత పుణ్యాత్ముడివి!" అంది. పక్కనే మేస్తున్న కోరమ్మ తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. ముళ్ళయ్య బొరియలోకి దూరాడు.

నోరు ఎంత బొంకినా, వీపు నిజాన్ని మోస్తూనే ఉంటుంది.