ఇప్పలకోన కాపలా పిట్ట

"కొండకు కావలి ఎవరమ్మా? కోనకు కావలి ఎవరమ్మా?
ఏటికి కావలి..."

ఆ తరువాతి ముక్క దుప్పి అవ్వకు ఎంతకీ గుర్తు రాలేదు. చిన్నప్పుడు తల్లి వెంట మేతకు పోతూ పాడుకున్న పాట అది. ఇప్పుడు ఇప్పలకోన అడవిలో అందరికంటే పెద్దది తనే. ఆ కోనలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, నెమళ్ళు, ఇంకా బోలెడు పిట్టలు కలిసిమెలిసి ఉండేవి.

ఒక ఎండాకాలం, కొండ అవతల, మందగా వేటాడే రేచుకుక్కలు దిగాయని కబురు వచ్చింది. అవ్వకు మనవరాలు పుట్టి ఇంకా నెల కాలేదు. నిలబడితే కాళ్ళు తడబడే పసిది. అవ్వకు బెంగ పట్టుకుంది. కాపలా దండు కట్టాలని అందరినీ పిలిచింది.

ఆ కోనలో ఒక ఆచారం ఉంది. దండులో చేరేవాళ్ళు బండరాయి ఎక్కి, ఎందుకు చేరుతున్నారో అందరి ముందూ చెప్పాలి.

ముందు నెమలి ఎక్కింది. పింఛం విప్పి, "ఈ కోన నా కన్నతల్లి! దీనికోసం నా ప్రాణం గడ్డిపోచ!" అంది. అడవి అడవంతా ఆహా అంది. అవ్వ కళ్ళు చెమర్చాయి.

తరువాత తీతువు పిట్ట ఎక్కింది. దాన్ని చూడగానే అడవిపంది మూతి తిప్పుకుంది.

"ఇదా! పొద్దున్నే దీని అరుపు వింటే ఆ రోజు దుంప దొరకదు. ఈ అపశకునాన్ని కాపలా పెడితే రేచుకుక్కలను బొట్టు పెట్టి పిలిచినట్టే!"

అందరూ గొల్లున నవ్వారు.

"నువ్వెందుకు చేరతావే తల్లీ?" అంది అవ్వ.

"నిజం చెప్పమంటావా అవ్వా? నేను నోరు తెరిస్తే చాలు, ఛీ పో అంటారు. రేపు నా పిల్లలనూ అంటారు. దండులో ఉంటే నా అరుపుకు కాస్త మర్యాద ఉంటుంది కదా. అందుకే వచ్చాను."

"కోన కోసం కాదా?"

"అంత పెద్ద మాటలు నాకు రావు అవ్వా."

అవ్వ మనసు చిన్నబోయింది. సొంత అవసరం కోసం వచ్చినది ఆపదలో నిలుస్తుందా అనుకుంది. నెమలికి కొండసందు దగ్గర ముందు కాపలా ఇచ్చింది. తీతువును ఏటి ఒడ్డున, ఎవరికీ పట్టని ఇసుకలో ఉండమంది.

పది రోజులు పోయాయి. ఒకనాడు మిట్టమధ్యాహ్నం దుప్పులు ఏటిలో నీళ్ళు తాగుతుంటే, రేచుకుక్కలు కొండసందులోంచి వచ్చాయి. నెమలి వాటిని అందరికంటే ముందే చూసింది. అరిస్తే తన జాడ తెలిసిపోతుందని భయపడి, చప్పుడు లేకుండా మద్దిచెట్టు చిటారుకొమ్మకు ఎగిరి కూర్చుంది.

ఏటి ఒడ్డున తీతువు వాటిని చూసింది. చూసీ చూడగానే గొంతు చించుకుని అరిచింది.

"మళ్ళీ మొదలెట్టింది పాడు పిట్ట!" అని విసుక్కుంది పంది.

అవ్వ పందిని గదిమింది. "నోరు మూసుకో! అది మనల్ని హెచ్చరిస్తోంది. పరిగెత్తండర్రా!"

అందరూ పరుగు తీశారు. అవ్వ మనవరాలు మాత్రం రాళ్ళ మధ్య కూలబడిపోయింది. అవ్వ వెనక్కి తిరిగింది. కుక్కలు అప్పటికే పది బారల దూరంలో ఉన్నాయి.

అప్పుడు తీతువు సరిగ్గా వాటి ముక్కుల ముందు నేలమీద పడింది. రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ కుంటింది. "తేలిగ్గా దొరికింది, పట్టండి!" అంటూ కుక్కలన్నీ దాని వెంట పడ్డాయి. అది అందినట్టే అంది, అందకుండా జరుగుతూ, వాటిని ఏటి దిగువకు లాక్కుపోయింది. ఒక కుక్క దాని తోక ఈకలు కొరికేసింది కూడా. ఈలోగా అవ్వ మనవరాలిని లేపి పొదల్లోకి నెట్టింది. పసిది కనుమరుగైందో లేదో, తీతువు రెక్కలు విదిల్చి పైకి లేచిపోయింది.

కుక్కలు ఒట్టి నోళ్ళతో, మండిపోతూ కొండసందు దారి పట్టాయి. అప్పటికే నెమలి చెట్టు దిగి, "నేనే తరిమేశాను!" అని చెప్పుకోవడానికి పింఛం సవరించుకుంటోంది. కుక్కలు దాని మీద పడ్డాయి. ప్రాణం దక్కింది గానీ పింఛం మొత్తం వాటి నోట్లోనే ఉండిపోయింది. ఆ తరువాత అది బండరాయి ఎక్కితే ఒట్టు.

మర్నాడు అవ్వ కొండసందు కాపలా తీతువుకే అప్పగించింది. అడవిపంది తల గోక్కుంటూ వచ్చింది. "అక్కా, రేపటినుంచి పొద్దున్నే ఒక్కసారి అరవవా? విని మేతకు పోతాను," అంది.

తీతువు ఎగరబోతుంటే అవ్వ ఆపింది.

"నీ అవసరం కోసమే వచ్చానన్నావు కదే. మరి కుక్కల నోటికి ఎందుకు ఎదురెళ్ళావు?"

తీతువు విప్పిన రెక్కలు ముడుచుకుంది.

"నా కోసమే వచ్చాను అవ్వా. ఆ పసిది పడిపోయినప్పుడు, అది నా పిల్ల కాదన్న సంగతే గుర్తు రాలేదు."

నీతి: సొంత అవసరంతో దండులో చేరినంత మాత్రాన దేశం మీద ప్రేమ లేదనుకోకూడదు, ఆ ప్రేమ ఎంతటిదో ఆపద వేళే తెలుస్తుంది.