మింగితేనే నెమరు

ఆదివారం ఉదయం ఐదుంపావుకి రైతు సూరప్ప కుడితి తొట్టి నింపాడు. గేదె లచ్చి వచ్చి తాగింది. ఎద్దు మైలడు పడుకున్నచోటనే తల తిప్పి చూశాడు, మళ్ళీ గోడవైపు తిరిగాడు.

అతని జోడెద్దు పుల్లడు పొలంగట్టు మీద పాము కరిచి చనిపోయి అప్పటికి పన్నెండు రోజులు. నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే కాడి కింద నడిచారు. మైలడు ఎడమవైపు దాపట, పుల్లడు కుడివైపు వలపట. ఇప్పుడు కొట్టంలో ఆ కుడివైపు జాగా ఖాళీ. మైలడు మేత తగ్గించి వారమైంది, పూర్తిగా మానేసి రెండు రోజులు.

ఆ ఉదయం సూరప్ప భార్యతో అన్న మాట కొట్టంలో అందరూ విన్నారు.

"గురువారం దాకా చూస్తాను. మెయ్యకపోతే సంతకు తోలడమే."

మేత మానేసిన ఎద్దును సంతలో కొనేవాళ్ళు ఒక్క రకమే. అది కూడా కొట్టంలో అందరికీ తెలుసు.

సూరప్ప పొలానికి వెళ్ళగానే చెరకుతోటలోంచి నక్క వచ్చింది. కొట్టం కాపలా కుక్క లేచి నిలబడింది గానీ మొరగలేదు. చావు జరిగిన చోటికి పరామర్శకు వచ్చినవాణ్ణి తరమకూడదని ఆ కొట్టంలో పద్ధతి. నక్కకు ఆ పద్ధతి బాగా తెలుసు. వారం రోజులుగా పరామర్శకే వస్తోంది.

"ఎలా ఉన్నావు మామా?"

"ఉన్నాను అల్లుడూ."

"మెయ్యలేదు కదా?"

"లేదు."

"అదీ ప్రేమంటే. మిగతావాళ్ళు రెండు రోజులు ఏడ్చి మూడోరోజు గడ్డిలో మూతి పెడతారు. నువ్వలా కాదు, జ్ఞాపకాలు నెమరువేసుకుంటున్నావు. నెమరు వెయ్యడానికి గడ్డి ఎందుకు మామా, పుల్లడు చాలడూ?"

ఆ మాట మైలడికి గొప్పగా అనిపించింది. నక్క వెళ్ళేముందు అతని పక్కగా ఒకసారి నడిచి డొక్క ఎముకలు లెక్కపెట్టుకుంది. తొమ్మిది కనిపించాయి. గురువారం లోపల ఎద్దు ఇక్కడే పడిపోతే సంత బెడద ఉండదు, నక్కకు నెలరోజుల తిండి.

నక్క కనుమరుగయ్యాక లచ్చి దగ్గరికి వచ్చింది.

"ఏం నములుతున్నావు తమ్ముడూ?"

"పుల్లణ్ణి."

"పుల్లడిలో ఏ సంగతి?"

"ఆ గట్టు. ఆ రోజు ముందు నేను దిగి ఉంటే..."

"మింగావా?"

"ఏమిటి మింగడం?"

"నమిలింది. మనం లోపలున్నది పైకి తెస్తాం, నములుతాం, మింగుతాం. ఆ తర్వాతే ఇంకో ముద్ద. నువ్వు పన్నెండు రోజులుగా ఒకే ముద్ద బుగ్గన పెట్టుకున్నావు. దాన్ని నెమరనరు, దవడనొప్పి అంటారు."

"మింగేస్తే వాణ్ణి మరిచిపోయినట్టే కదా అక్కా."

"మింగింది ఎక్కడికి పోతుంది? ఒంట్లోకే. రేపు కాడి మోసేది అదే."

మైలడు తొట్టివైపు చూసి మొహం తిప్పుకున్నాడు. తర్వాత, "ఆకలి లేదు" అన్నాడు.

"ఆకలి సంగతి ఎవరడిగారు? తెల్లవారగానే లేచి నిలబడు. కుడితి తాగు. పది ముద్దల గడ్డి తిను, లెక్కపెట్టి. కాలువ దాకా నడిచి రా. దిగులు వెంట వస్తానంటే రానీ, దానికీ నడక మంచిదే. ఒకటి చెప్పు, పుల్లడు ఎప్పుడైనా సాలు మధ్యలో ఆగిపోయాడా?"

"ఎప్పుడూ లేదు."

"మరి వాడి పేరు చెప్పి నువ్వు పడుకోవడం వాడికి మర్యాదేనా?"

సోమవారం తెల్లవారగానే మైలడు లేచాడు. కుడితి తాగాడు. మూడు ముద్దలు తిన్నాక చూపు కుడివైపు ఖాళీ మీద పడి నోరు ఆగిపోయింది.

"మూడయ్యాయి" అంది లచ్చి. "ఇంకా ఏడు."

ఏడూ తిన్నాడు. కాలువకు సగం దారి నడిచి వెనక్కి వచ్చాడు. ఆ సాయంత్రం సూరప్ప ఇంటి చుక్కలపెట్ట గూటికి రాలేదు. కాపలా సరిగా లేదని సూరప్ప భార్య కుక్కకు అన్నం పెట్టలేదు.

మంగళవారం మైలడు కాలువ దాకా వెళ్ళాడు. పుల్లడు ఎప్పుడూ తాగే రేవు చూసి కాసేపు నిలబడ్డాడు. గుండె బరువు తగ్గలేదు. ఆ బరువుతోనే తిరిగి నడిచి వచ్చాడు.

వచ్చేసరికి నక్క కూర్చుని ఉంది.

"మూతికి గడ్డి అంటింది మామా. పుల్లడు చూస్తే ఏమనుకుంటాడు?"

మైలడి మెడ వాలింది. లచ్చి నోరు తెరవబోయింది. అంతలో మైలడే తల ఎత్తాడు.

"గడ్డి లేకుండా నెమరు వెయ్యడం నాకు చేతకావడం లేదు అల్లుడూ. నీకు వచ్చా?"

"రాకేం? మా అమ్మ పోయినప్పటి నుంచీ రోజూ వేస్తున్నాను." నక్క కళ్ళు మూసుకుని దవడలు ఆడించింది.

"ఉత్త దవడలు కాదు. నెమరంటే లోపలున్నది పైకి రావాలి. ఒక్కసారి తెచ్చి చూపించు. నువ్వు చెయ్యగలిగితే రేపటి నుంచి నేను గడ్డి ముట్టను."

చివరి మాట నక్కను కదిలించింది. పుట్టి బుద్ధెరిగి నెమరు వెయ్యని జంతువు అది, అయినా మెడ చాచింది, కడుపు లోపలికి లాగింది. రెండుసార్లు ఏమీ రాలేదు. మూడోసారి గడ్డి మీద పడ్డాయి: చుక్కల ఈకలు ఓ గుప్పెడు, ఎర్రగుడ్డ పీలిక కట్టిన కోడికాలు ఒకటి. సూరప్ప భార్య తన కోళ్ళకు గుర్తుగా కట్టే పీలిక అది.

కుక్క తాపీగా లేచి వచ్చి వాసన చూసింది.

"పరామర్శ అయిందా బావా?"

"అయింది. వెళ్తున్నాను."

"అప్పుడే ఎక్కడికి? మా ఇంట్లో ఇంకో చావు బయటపడింది. దాన్ని కూడా పలకరించి వెళ్ళు."

నక్క కంచె దాటింది. తోక సగం కంచెకు ఇవతల కుక్క నోట్లోనే ఉండిపోయింది.

గురువారం ఉదయం సూరప్ప పలుపుతాడు చేతపట్టుకుని కొట్టంలోకి వచ్చాడు. మైలడు తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. తొట్టి ఖాళీ. సూరప్ప ఎద్దు వీపు నిమిరి, పేడ చూసి సంతకు ఒక్కడే వెళ్ళాడు. సాయంత్రం ఒక కోడెను తోలుకొచ్చి కుడివైపు గుంజకు కట్టాడు.

మైలడు దాన్ని చాలాసేపు వాసన చూశాడు. పుల్లడి వాసన కాదు. తర్వాత, "కుడితి తొట్టి అదిగో" అన్నాడు.

"ఎప్పుడు తాగాలి అన్నా?"

"తెల్లవారగానే. దాహం లేకపోయినా."

దిగులున్నా వేళకు లేచి మేసినవాడే మళ్ళీ కాడి మొయ్యగలడు.

ఎనిమిది రోజుల తర్వాత కుక్క మాటల మధ్యలో మైలడికి ఒక సంగతి చెప్పింది. మైలడు ఈ కొట్టానికి రాకముందు లచ్చికి వరసగా రెండు ఈతల దూడలు పోయాయి. రెండుసార్లూ మర్నాడు ఆమె ఒక్కతే కాలువ దాకా నడిచి వచ్చింది.