వెయ్యిన్నీ తొమ్మిది విస్తళ్ళు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో వెయ్యిన్నీ ఎనిమిది మంది ఉండేవాళ్ళు బంగారూ. పంట ఇళ్ళకి చేరాక ఊరంతా ఏటి ఇసుకలో కూర్చుని భోంచేసేవాళ్ళు. ఆ రోజులే వేరు! పచ్చి మోదుగ విస్తళ్ళ వాసన, గుండిగల్లో పరమాన్నం... తలుచుకుంటేనే నాకు కడుపు నిండిపోతుంది.

ఆ ఊళ్ళో ఒక పట్టింపు ఉండేది. భోజనాల బంతులన్నీ సమానంగా ఉండాలి. ఒక బంతిలో ఒక్కరు తగ్గినా ఒప్పుకునేవాళ్ళు కాదు. రెండు బంతులు వేసినా, మూడు వేసినా, ఏడు వేసినా వాళ్ళకి చక్కగా సరిపోయేది.

ఒక ఏడాది ఏటికి వరదొచ్చింది. ఆ వరదలో ఒక చిన్నపిల్ల కొట్టుకొచ్చి ఒడ్డున పడింది. పేరు నీలాలు. నా అన్నవాళ్ళు లేరు. ఊరికి వంటలు చేసే పేరిందేవమ్మ దాన్ని చేరదీసింది.

ఆ తర్వాత భోజనాల రోజు వచ్చింది. నీలాలు తన విస్తరి తనే కుట్టుకుని వెళ్ళింది. రెండు బంతులు వేశారు. నీలాలు మిగిలిపోయింది. అప్పుడు అందరూ లేచి మూడు బంతులు వేశారు. మళ్ళీ నీలాలే మిగిలింది. అప్పుడు ఏడు వేశారు. ఈసారి ఎవరూ చెప్పకముందే అది విస్తరి తీసుకుని పక్కకెళ్ళి నుంచుంది. ఎంత ఆకలేసి ఉంటుందో చిట్టితల్లికి!

ఊరిపెద్ద చిట్టెయ్య విసుక్కున్నాడు. "ఈ పిల్ల వచ్చింది, బంతులు చెడ్డాయి. రేపు సంతబండి ఎక్కించి ఎక్కడికైనా పంపేద్దాం."

నీలాలు ఏడవలేదు. ఏడిస్తే నిజంగానే పంపేస్తారని దాని భయం.

అప్పుడు పేరిందేవమ్మ గరిటె పక్కన పెట్టి, మనిషికో చింతగింజ చొప్పున ఇసుకలో పోసుక్కూర్చుంది. రెండూ మూడూ ఏడూ కుదరనప్పుడు నాలుగూ ఆరూ లాంటివీ కుదరవు కదా, వాటిని వదిలేసి అయిదు వరసలు, పదకొండు, పదమూడు... ముప్పై ఒకటి దాకా పేర్చింది. ప్రతిసారీ ఏవో మిగిలాయి.

"ఇంక చూడక్కర్లేదు. ఆపైన వరసలు పెరిగితే వరసలో మనుషులు ముప్పై ఒకటికి మించరు. వరసల్నీ మనుషుల్నీ తిరగేస్తే ఇప్పుడు చూసిన లెక్కలే" అంది. "చిట్టెయ్యా, తప్పు పిల్లది కాదు. నువ్వు లేచెళ్ళినా బంతులు సరిపోతాయి, వెళ్తావా?"

జనం గొల్లున నవ్వారు.

"వెయ్యిన్నీ తొమ్మిదిని ఎలా విడగొట్టినా సమంగా విడదు. అందరికీ కలిపి ఒకటే బంతి వెయ్యండి!" అంది పేరిందేవమ్మ.

బంతి ఏటి వెంబడే సాగి సాగి, ఇసుకదిబ్బ చుట్టూ తిరిగి మొదటికే వచ్చింది. మొదట చిట్టెయ్య, చివర నీలాలు. ఇద్దరూ పక్కపక్కనే! చిట్టెయ్యకి సిగ్గేసింది. తన చేత్తోనే నీలాలు విస్తట్లో పరమాన్నం వడ్డించాడు.

"తినమ్మా. నువ్వు తినందే నేను ముద్దెత్తను" అన్నాడు.

మరుసటేడు ఊళ్ళో ముగ్గురు పిల్లలు పుట్టారు. ఇప్పుడు ఊరంతా కలిపి వెయ్యిన్నీ పన్నెండు మంది, నాలుగు బంతులకి చక్కగా సరిపోయేవాళ్ళే. అయినా ఒక్క బంతే వేశారు.

ఈ కథ నాకు చెప్పింది ఆ నీలాలే, మా అమ్మమ్మ. విస్తరి తీసుకుని నుంచున్న చోటికి వచ్చేసరికి ప్రతిసారీ ఆవిడ ఆగి నన్ను దగ్గరికి లాక్కునేది. ఇవాళ నేనూ అంతే, చూడు.

అందరూ చేరారు బంతికి,
కథ వెళ్ళింది కంచికి,
నిద్దరొచ్చింది కంటికి,
పద, మనమూ ఇంటికి!